జనరల్ గారి మౌనంపై త్రిసభ్య సంఘం

తోటగెడ్డపాలెం మేజరు పంచాయతీ కార్యాలయం గోడ మీద ఆగస్టు నెల మొదటి సోమవారం ఉదయం ఈ కింది ప్రకటన వెలిసింది.

"ఇందుమూలముగా యావన్మంది గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన గ్రామ నివాసియగు మేజర్ జనరల్ (రిటైర్డ్) డేవిడ్‌రాజు గారి గుణము మంచిదా, కాదా అను విషయము తేల్చుటకు త్రిసభ్య సంఘము నియమించడమైనది. సదరు గుణము తేలువరకు వారు హైస్కూలు మైదానములో ఎవరినీ పరుగెత్తించరాదు."

చదివి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఏ పనినైనా ముందు ఆపి తరువాత విచారించడం మా ఊరి ఆనవాయితీ. వీధి దీపాలు అలాగే ఆగాయి. గెడ్డ మీద వంతెన అలాగే ఆగింది. ఇప్పుడు ఒక మేజర్ జనరల్ ఆగాడు.

శ్రీకాకుళం జిల్లాలో సైనికుడనేవాడు కొత్త కాదు. హవల్దార్లు, సుబేదార్లు మా సముద్రపొడ్డున వీధికి నలుగురు. కానీ జనరల్ అయినవాడు మా ఊళ్ళో ఈయనొక్కడే. బాప్టిస్టు మిషను బడిలో లెక్కలు చెప్పిన పంతులుగారి అబ్బాయి. ముప్పై ఆరేళ్ళు సైన్యంలో పనిచేసి, మంచుకొండల మీద ఎడమకాలి వేళ్ళు రెండు పోగొట్టుకుని, ఛాతీ మీద పట్టనన్ని పతకాలు తెచ్చుకున్నాడు. రిటైరయ్యాక ఆ హోదావాళ్ళు చేసే పని విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఫ్లాటు కొనుక్కోవడం. ఈయన భార్య లీలారాణితో సహా తోటగెడ్డపాలెం వచ్చి, చర్చి వెనక చిన్న ఇల్లు కట్టుకున్నాడు.

మేము ఓపిగ్గా ఎదురుచూశాం. ఎన్నికల్లో నిలబడతాడేమో అనుకున్నాం. లేఅవుటు వేస్తాడేమో అనుకున్నాం. కనీసం పేరు చివర 'ఇంటర్నేషనల్' అని పెట్టి ఒక బడైనా తెరుస్తాడనుకున్నాం. ఏదీ చెయ్యలేదు. ముసలివాళ్ళు కొందరు, మేజరు పంచాయతీకి ప్రభుత్వం వేసిన జనరల్ ఈయనే కాబోలని కుళాయిల గురించి అర్జీలు పట్టుకెళ్ళారు. ఆయన అర్జీలన్నీ చదివి, రెంచీ పట్టుకొచ్చి మూడో వీధి కుళాయి స్వయంగా బాగుచేశాడు. అప్పటినుంచే ఆయన గుణం మీద మాకు అనుమానం మొదలైంది.

ఆయన చేసిన పని ఒకటే. రోజూ ఉదయం ఐదున్నరకి హైస్కూలు మైదానంలో ముప్పై ఇద్దరు పిల్లల్ని సైన్యంలో ఎంపికకి తయారుచేసేవాడు. వాళ్ళలో పదకొండుమంది ఆడపిల్లలు. అందరిలోకీ బాగా పరుగెత్తేది తులసి. చేపలమ్మే దాలమ్మ కూతురు. తండ్రి లేడు. చేపల తట్ట ఎక్కించుకుని ఆటో వెళ్ళిపోతే దాని వెంట పరుగెత్తి పట్టుకునేదట చిన్నప్పుడు. సెప్టెంబరు మూడో వారంలో విజయనగరంలో ఎంపిక ఉంది. వయసు లెక్క ప్రకారం తులసికి అదే ఆఖరి అవకాశం. పదహారు వందల మీటర్లు ఏడున్నర నిమిషాల్లో పరుగెత్తాలి. అప్పటికి ఆమెకి ఇరవై సెకన్లు ఎక్కువ పడుతోంది.

గొడవ పరుగు గురించి కాదు. పరుగుకి ముందు ఉన్న రెండు నిమిషాల గురించి.

పిల్లలు వరసగా నిలబడి కళ్ళు మూసుకోవాలి. మాట్లాడకూడదు. మొదటిరోజే జనరల్ వాళ్ళకి చెప్పాడు: "ఈ రెండు నిమిషాలూ మీవి. ఏం చేసుకుంటారో నాకు చెప్పొద్దు. నేను అడగను. మూడో నిమిషం నుంచి మీరు నావాళ్ళు." ఆయన కూడా వాళ్ళ ముందు అలాగే కళ్ళు మూసుకుని నిలబడేవాడు.

ఎవరో దీన్ని ఫోనులో వీడియో తీశారు. పదకొండు సెకన్లు. తెర మధ్యలో జనరల్. ఎడమపక్క చర్చి గంటస్తంభం. కుడిపక్క సముద్రం మీంచి లేస్తున్న సూర్యుడు.

సెల్‌ఫోను కవర్ల షాపు యజమానీ, హైందవ జాగృతి యువజన సమితి కార్యదర్శీ అయిన దేవేంద్ర ఆ వీడియోలో ఎడమపక్క చూశాడు. మాజీ సైన్యాధికారి ఒకడు అమాయక బాలబాలికల చేత బలవంతంగా ఏసు ప్రార్థన చేయిస్తున్నాడని అతనికి స్పష్టమైంది. చర్చి కార్యదర్శి జేమ్స్ అదే వీడియోలో కుడిపక్క చూశాడు. బాప్టిస్టు సంఘంలో బాప్తిస్మం పొందిన మనిషి, సంఘం బిడ్డల చేత సూర్యుడికి దండం పెట్టిస్తున్నాడని అతనికీ అంతే స్పష్టమైంది. మధ్యలో ఉన్న మనిషిని ఇద్దరూ చూడలేదు. అందుకు వాళ్ళని తప్పుపట్టలేం. పదకొండు సెకన్లలో ఎంతని చూస్తారు?

ఇద్దరూ ఒకేరోజు ఒకే డీటీపీ షాపులో అర్జీలు టైపు చేయించారు. అక్కడ టైపు చేసే కుర్రది పొదుపరి. ఒకే అర్జీ టైపు చేసి, దేవుళ్ళని మాత్రం మార్చింది. ఒకట్రెండు చోట్ల మరిచిపోయింది కూడా. అందువల్ల జేమ్స్ సంతకం చేసిన అర్జీలో "మన దేవాలయముల పవిత్రతకు భంగము" అనీ, దేవేంద్ర అర్జీలో "ప్రభువునందు మీ సహోదరుడు" అనీ ఉండిపోయింది. చదవకుండా సంతకం చేసినవాళ్ళకీ, చదవకుండా స్వీకరించినవాళ్ళకీ దానివల్ల ఏ ఇబ్బందీ కలగలేదు.

పంచాయతీ ప్రెసిడెంటు కూర్మయ్య రెండు వర్గాల ఓటర్లనూ సమానంగా ప్రేమించే మనిషి. అర్జీలు రెండూ తన చేతికి రాగానే తనే అధ్యక్షుడుగా సంఘం వేసి, దేవేంద్రనీ జేమ్స్‌నీ సభ్యులుగా తీసుకున్నాడు. ఫిర్యాదు చేసినవాళ్ళకే విషయం బాగా తెలుసు కనుక తీర్పు చెప్పడానికి వాళ్ళకంటే తగినవాళ్ళు లేరని ఆయన వాదన. దాన్ని ఇప్పటివరకు ఎవరూ ఖండించలేకపోయారు.

నోటీసు అంటించిన మధ్యాహ్నమే దాలమ్మ ఖాళీ తట్ట చంకనబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకి వెళ్ళింది.

"ఏటి బావూ, మా గుంట పరిగెడతంటే నీకేటి నొప్పి?" అని అడిగింది.

"గుంటతో నాకేటి పనే? పరిగెట్టించినోడి గుణం తేలాల కదా" అన్నాడు కూర్మయ్య.

"ఈయేడు దాటితే దానికి వయసైపోతాది. మరి పిలవరు ఆళ్ళు. గుణం తేలీదాక దాని వయసు ఆగతాదేటి?"

కూర్మయ్య కాసేపు నిజంగానే ఆలోచించాడు. "వయసు మా పరిధిలో నేదు దాలమ్మా. అది తాసీల్దారు సూత్తాడు" అన్నాడు.

సంఘం మొదటి సమావేశం గ్రంథాలయం గదిలో జరిగింది. సాక్షులుగా పిల్లలందరినీ పిలిచారు. విచారణ నిష్పక్షపాతంగా సాగేందుకు మూడు బల్లలు వేసి, ఒకదాని మీద హిందువులు, ఒకదాని మీద క్రైస్తవులు, ఒకదాని మీద ఇతరులు కూర్చోవాలన్నారు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎనిమిది నెలలుగా వాళ్ళు పొడుగు ప్రకారం నిలబడుతున్నారు. కొత్త లెక్క వంటబట్టడానికి కొంచెం సమయం పట్టింది. మూడో బల్ల ఖాళీగా ఉంటే రికార్డుకి బాగుండదని వినోద్ అనే కుర్రాణ్ణి అక్కడ కూర్చోబెట్టారు. అతను ఎందుకని అడిగితే, "నువ్వు సివర్న ఉన్నావు కదా" అన్నాడు అధ్యక్షుడు.

మొదటి సాక్షి పాల్.

"నీ మీద ఆయన ఒత్తిడి తెచ్చాడా?" అన్నాడు దేవేంద్ర.

"తెచ్చినాడండి."

సంఘం ముగ్గురూ ముందుకు వంగారు.

"ఏ విషయంలో?"

"మోకాళ్ళండి. ఛాతీ కాడికి ఎత్తమంటాడు. నాకు రాదు. రోజూ తిడతాడు."

"మోకాళ్ళకు సంబంధించిన ఒత్తిడి కలదు. మోకరించుటయా, కాదా, పరిశీలించవలెను" అని రికార్డులో రాశారు.

తర్వాత ఆ రెండు నిమిషాల్లో ఏం చేస్తారని ఒక్కొక్కరినీ అడిగారు. పాల్ ప్రార్థన చేసుకుంటాడట. అనిత అనే అమ్మాయి అమ్మోరికి దండం పెట్టుకుంటుందట. వినోద్ లోపల పాట పాడుకుంటాడట. "భక్తి పాటా?" అన్నాడు జేమ్స్ ఆశగా. "ఐటం సాంగండి" అన్నాడు వినోద్. "భక్తి నిర్ధారణ కాలేదు" అని రాశారు.

తులసి వంతు వచ్చింది.

"నాను నిద్రోతానండి."

"నిలబడా?"

"అవునండి. అమ్మకి తట్ట సర్ది వస్తాను కదా. ఆ రెండు నిమిషాలే దొరుకుతాది."

"మరి సార్ కోప్పడడా?"

"అడగనని సెప్పినాడు కదండి. అడగడు."

సంఘానికి ఇది ఏమాత్రం నచ్చలేదు. ఒక మతం తేలుతుందని మొదలుపెట్టిన విచారణలో రెండు మతాలు, ఒక సినిమా, ఒక నిద్ర తేలాయి. సమావేశం ముగించారు. ఒక్క ఫలితం మాత్రం కనిపించింది. పాల్, వినోద్ అంతవరకు ఒకే సీసాలో నీళ్ళు తాగేవారు. మర్నాటి నుంచి సీసాలు రెండయ్యాయి. దీన్ని ఎవరూ రికార్డులో రాయలేదు.

ఇక జనరల్ సంగతి. ఆయన ఉత్తర్వుని తు.చ. తప్పకుండా పాటించాడు. మైదానం వైపు వెళ్ళలేదు. ఉదయం ఐదింటికే లేచి, వరండాలో కూర్చుని, ఎక్కడికీ వెళ్ళనక్కర్లేని బూట్లకి పాలిష్ పట్టేవాడు. మూడోరోజు లీలారాణి ఆ బూట్లు లాక్కుంది.

"ఏమండీ, ఆ రెండు నిమిషాలూ మీరు ఎడమకాలి నొప్పి సర్దుకోడానికి నిలబడతారని వాళ్ళకి చెప్పేస్తే పోలేదా? కళ్ళు మూసుకోకపోతే మొహంలో నొప్పి పిల్లలకి కనపడుతుందని కదా మీ బాధ?"

"చెప్తే నేను బయటపడతాను లీలా" అన్నాడు ఆయన. "రేపు ఆ పాల్ గాడినీ, అనితనీ అదే బల్ల మీద కూర్చోబెడతారు. నువ్వు నిజంగానే ప్రార్థన చేస్తున్నావట కదా అని. నాది నొప్పి కాబట్టి తప్పు లేదంటే, వాళ్ళది ప్రార్థన కాబట్టి తప్పన్నట్టే కదా. నేను చెప్పను."

"మరి ఆ తులసి?"

ముప్పై ఆరేళ్ళలో ఉత్తర్వు మీరని మనిషి, ఆ పూట బూట్లు లేని కాళ్ళతో వాకిట్లో నలభైసార్లు అటూ ఇటూ తిరిగాడు.

లీలారాణి లోపలికెళ్ళి నోటీసు నకలు తెచ్చి కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఒకటికి రెండుసార్లు చదివింది.

"ఇందులో నా పేరు లేదు" అంది. "సముద్రపొడ్డు పేరూ లేదు."

మర్నాడు తెల్లవారగానే తోటగెడ్డపాలెం ఇసుకలో ఒక వింత కనబడింది. యాభై ఎనిమిదేళ్ళ లీలారాణి చీర కుచ్చిళ్ళు దోపుకుని, మెడలో స్టాపువాచీ వేసుకుని, గట్టి తడి ఇసుక మీద స్కూటీ నడుపుతోంది. ఆమె వెనక ముప్పై ఇద్దరు పరుగెడుతున్నారు. ఆమెకి పరుగు గురించి చదువు లేదు. కానీ కంటోన్మెంట్లలో ముప్పై ఏళ్ళపాటు వంటింటి కిటికీలోంచి విన్న కేకలన్నీ కంఠతా వచ్చు. వలలు విప్పుకుంటున్న మత్స్యకారులు ఆమె గొంతు విని రెండుసార్లు లేచి నిటారుగా నిలబడ్డారు.

"తులసీ! చేతులు ఊపుతున్నావా, ఈగలు తోలుతున్నావా?"

"ఊపుతన్నానమ్మా!"

"అయితే ఈగలెందుకు పోతున్నాయి? ఇంకొక రౌండు!"

పిల్లలు మూడోరోజుకే జనరల్ గారు చాలా మెత్తని మనిషని గ్రహించారు. ఆయన మాత్రం ఇంట్లో ఉప్మా చేస్తూ కూర్చున్నాడు. లీలారాణి తిరిగొచ్చి ఎవరు ఎలా పరుగెత్తారో చెప్పేది. ఆయన ఉప్మా వడ్డిస్తూ, "చివరి నాలుగు వందల మీటర్లలో తులసి తల వెనక్కి వాలుస్తుంది. కళ్ళు సముద్రం మీద కాదు, ముందున్నవాడి వీపు మీద పెట్టమను" అనేవాడు. ఆమె మర్నాడు అదే మాట పదింతల గట్టిగా చెప్పేది.

ఈలోగా పైనుంచి సంఘానికి ఒక కాగితం వచ్చింది. అందులో "మతపరమైన ఒత్తిడి ఏ స్థాయిలో ఉన్నదో కొలిచి నివేదించవలెను" అని ఉంది. ఒత్తిడిని కొలవమన్నారు గనుక కొలవాలి. కూర్మయ్య ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ ఉషని బీపీ మిషనుతో సహా రప్పించాడు. జనరల్‌ని పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన చొక్కా చెయ్యి మడిచాడు.

"నూట పద్దెనిమిది, డెబ్భై ఆరు" అంది ఉష. "మా సర్వీసులో ఈ వయసోలికి ఇంత మంచిది సూడలేదు."

తక్కువగా ఉండటం సంఘానికి అనుమానంగా తోచింది. మిషను చెడిపోయిందేమోనని దేవేంద్ర తన చెయ్యి చాపాడు. నూట అరవై ఎనిమిది. నమ్మకం కుదరక జేమ్స్ చాపాడు. నూట డెబ్భై రెండు. అధ్యక్షుడి చేతికి కట్టాక ఉష అంకె పైకి చెప్పలేదు. ఆయన్ని బల్ల మీద పడుకోమని, ఉప్పు చేపలు మానెయ్యమని చెప్పింది. చూసింది చూసినట్టు రాయడం రికార్డు ధర్మం. కాబట్టి ఇలా రాశారు: "ఒత్తిడి నిందితునిలో కనబడలేదు. సంఘములో అధికముగా కలదు."

అసలు విచారణ మర్నాడు మొదలైంది. గది నిండిపోయింది. కిటికీల దగ్గర కూడా జనం. మేమంతా ఉన్నాం.

"జనరల్ గారూ, మీరు సైన్యంలో ఉన్నప్పుడు గుడిలో కొబ్బరికాయ కొట్టారని విన్నాం. నిజమేనా?" అన్నాడు జేమ్స్.

"నిజమే. చాలా కొట్టాను. పూజారి సెలవు మీద వెళ్తే హారతి కూడా ఇచ్చాను. గురుద్వారాలో రొట్టెలు వత్తాను. దర్గా మీద చాదర్ కప్పాను."

"ప్రభువుని నమ్మినవాడు అలా చెయ్యొచ్చా?"

"నా జవాన్లు అక్కడ నిలబడేవాళ్ళు. వాళ్ళని చావుకి ఎదురెళ్ళమని చెప్పవలసినవాణ్ణి నేను. దేవుడి దగ్గరికి మాత్రం మీరెళ్ళండి, నేను బయట ఉంటానంటే ఏం బాగుంటుంది?"

దేవేంద్రకి ఈ జవాబు బాగా నచ్చింది. వెంటనే తను మెచ్చుకోకూడదని గుర్తొచ్చింది.

"అయితే ఆదివారం చర్చికి వెళ్ళడం మానేశారా?"

"లేదు. వెళ్తాను."

"ఇప్పటికీ?"

"మొన్న కూడా వెళ్ళాను. మీ షాపు ముందు నుంచే."

"మరైతే సూటిగా చెప్పండి. ఆ రెండు నిమిషాలూ కళ్ళు మూసుకుని మీరేం చేస్తారు?"

జనరల్ కుర్చీలోంచి లేచి నిటారుగా నిలబడ్డాడు.

"శత్రువు చేతికి చిక్కితే పేరు, ర్యాంకు, నంబరు చెప్పమని మాకు నేర్పారు. అంతకు మించి చెప్పక్కర్లేదన్నారు. ఇన్నేళ్ళలో నాకు ఆ అవసరం పడలేదు. డేవిడ్‌రాజు. మేజర్ జనరల్." తర్వాత తన సైనిక నంబరు చెప్పాడు. సెల్యూట్ చేసి కూర్చున్నాడు.

కూర్మయ్య ఆ నంబరు ఫోను నంబరనుకుని రాసుకున్నాడు. రెండంకెలు తగ్గాయని గొణిగాడు.

ఈ సంఘం వల్ల ఊరికి మేలు జరగలేదని ఎవరైనా అంటే అది అన్యాయం. దేవేంద్ర, జేమ్స్ అంతకుముందు పదేళ్ళు మాట్లాడుకోలేదు. విచారణ మొదలయ్యాక రోజూ ఒకే బైకు మీద తిరిగారు. ఒకే బల్ల మీద టీ తాగారు. దేవేంద్ర కూతురి పరీక్షలకి జేమ్స్ ప్రార్థన చేయించాడు. జేమ్స్ భార్యకి దేవేంద్ర కనకదుర్గ కుంకుమ తెచ్చిచ్చాడు. ఊళ్ళో మతసామరస్యమంతా ఆ ఒక్క బైకు మీదే తిరుగుతూ ఉండేది.

ఆ బైకు మీదే ఒక ఉదయం వాళ్ళు సముద్రపొడ్డుకి వచ్చారు. లీలారాణి తర్ఫీదు ఇస్తోందని, అది మొదలైన ముప్పై రోజుల తరువాత సంఘానికి తెలిసింది. ఊరంతటికీ తెలిసిన విషయం సంఘానికి తెలియడానికి ఆపాటి వ్యవధి సమంజసమే. "ఆపండి! ఇది ఉత్తర్వు ధిక్కారం!" అని జేమ్స్ వెనక కూర్చుని అరుస్తున్నాడు. దేవేంద్ర మెత్తని ఇసుకలోకి పోనిచ్చాడు. బైకు చక్రాలు కూరుకుపోయాయి. ఇద్దరూ దిగి లాగుతుంటే పెద్ద కెరటం ఒకటి వచ్చి ముగ్గురినీ, అంటే బైకుతో కలిపి, పడగొట్టింది. జేమ్స్ ఏసయ్యా అని అరిచాడు. దేవేంద్ర కూడా కంగారులో ఏసయ్యా అనే అరిచాడు.

లీలారాణి స్కూటీ ఆపింది.

"ఏంటి చూస్తున్నారు? బరువులెత్తడం మీ సిలబస్‌లో లేదా? ఎత్తండి!"

పిల్లలు బైకునీ సభ్యులనీ ఎత్తి పొడినేల మీద పెట్టారు. దాలమ్మ తట్ట దించి, జేమ్స్ వీపు మీద గట్టిగా చరిచి ఉప్పునీళ్ళు కక్కించింది.

"ఆ గుంట మీద పడి ఏడుస్తారేటి బావూ? మీకీ పిల్లలు ఉన్నారు కదా" అంది.

ఇద్దరూ తడిసిన బట్టలతో కూర్చుని తలొంచుకున్నారు. కెరటం సంగతి రికార్డుకి ఎక్కకూడదనీ, ఎక్కకుండా ఉండాలంటే పరుగు సంగతీ ఎక్కకూడదనీ వాళ్ళే ఒక నిర్ణయానికొచ్చారు. ఆ విధంగా తర్ఫీదు సాగింది.

నలభై రెండో రోజున గ్రామసభలో కూర్మయ్య నివేదిక చదివాడు. మైకు రెండుసార్లు కూసింది.

"సోదర సోదరీమణులారా! ఈ సంఘము రేయింబవళ్ళు శ్రమించినది. నేను స్వయముగా ఉప్పు చేప మానినాను. అనేకమంది సాక్షులను విచారించి మేము తేల్చినది ఏమనగా, జనరల్ గారి గుణము చెడ్డదని చెప్పుటకు చాలినంత చెడు లభించలేదు. లభించనంత మాత్రాన లేదని చెప్పుటకు వీలులేదు. కావున వారి గుణము తాత్కాలికముగా మంచిది!"

చప్పట్లు కొట్టాం. నివేదిక చివర ఒక సిఫారసు ఉంది. మౌనంలో ఏముందో తనిఖీ చెయ్యడానికి వీలుకాదు కనుక, ఇకమీదట పరుగుకి ముందు ఎవరూ మౌనంగా ఉండరాదు. ఆ రెండు నిమిషాలూ అందరూ బిగ్గరగా మాట్లాడవలెను. ఏం మాట్లాడాలో మాత్రం సంఘం చెప్పలేదు. ఆ విషయంలో స్వేచ్ఛ ఇచ్చింది.

అప్పటికి విజయనగరం ఎంపిక ఎల్లుండి.

ఆ ఒక్క ఉదయానికీ జనరల్ మైదానానికి వచ్చాడు. పిల్లలు ఉత్తర్వు ప్రకారం బిగ్గరగా మాట్లాడటం మొదలుపెట్టారు. వినోద్ ఐటం సాంగు పైకి పాడాడు. పాల్ ఎక్కాలు చదివాడు. అనిత బస్సు టైములు చెప్పింది. తులసికి ఏం మాట్లాడాలో తోచక, "కోనాం, పారలు, నెత్తళ్ళు, రొయ్యలు" అంటూ వాళ్ళమ్మ కేకలన్నీ వేసింది. ఆ గోలకి పక్కవీధి నుంచి ఇద్దరు గిన్నెలు పట్టుకుని వచ్చారు. జనరల్ కళ్ళు తెరుచుకుని నిలబడ్డాడు. ఎడమకాలి మీద బరువు మారుస్తుంటే ఆయన మొహం చిన్నగా ముడుచుకుంది. పిల్లలందరూ చూశారు. ఒక్కొక్కరే మాటలు ఆపేశారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన అంతవరకు వాళ్ళని అడగలేదు కదా.

విజయనగరంలో తులసి ఏడు నిమిషాల పదహారు సెకన్లలో పరుగెత్తింది. గీత దాటి, ఆగలేక ఇంకో యాభై గజాలు పోయింది. కంచె అవతల నిలబడ్డ లీలారాణి స్టాపువాచీ నొక్కడం మరిచిపోయింది. జనరల్ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తియ్యలేదు. దాలమ్మకి కూతురు ఎంపికైందో లేదో అర్థం కాలేదు. ఇద్దరు పెద్దవాళ్ళు అలా ఏడుస్తుంటే భయపడి, "పోతే పోనాది బాబూ, ఏడవకండి" అని ఓదార్చింది. కాసేపటికి అసలు సంగతి తెలిసి, ఆమే అందరికంటే ఎక్కువ ఏడ్చింది.

వారం తరువాత, ఎంపికైనవాళ్ళు ఇవ్వవలసిన కాగితాల కోసం తల్లీకూతుళ్ళు పంచాయతీ ఆఫీసుకి వచ్చారు. ఆ రోజు సాయంత్రం ఐదింటిలోగా అన్నీ చేరాలి. ప్రెసిడెంటు నింపి సంతకం చెయ్యవలసిన ఫారం ఒకటి ఉంది. కూర్మయ్య ఫోనులో మాట్లాడుతూనే దాన్ని ముందుకి లాక్కున్నాడు. గుణం అన్న గడిలో "చాలా మంచిది. చిన్నప్పటి నుంచి ఎరుగుదును" అని రాసి, తలెత్తకుండానే స్టాంపు గుద్దాడు. అర నిమిషం కూడా పట్టలేదు.

కింద గడి దగ్గర చెయ్యి ఆగింది. మతం అని ఉంది అక్కడ. ఆయన ఫోను పెట్టేశాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. మొదటిసారి తల పైకెత్తి తులసిని చూశాడు.

"ఒలే, నీ పేరేటి?"

"తులసండి."

"పేరు సరే. మీ యమ్మ ఆదివారం సర్చికి కూడా ఎల్తాది కదా?"

"తలనొప్పొస్తే ఎల్తాను బావూ. అయ్యగారు నూని రాస్తే తగ్గుతాది. అమ్మోరికి మాత్రం ఏటా కోడి కోస్తాను" అంది దాలమ్మ.

కూర్మయ్య మొహం గంభీరమైపోయింది. కలం పక్కన పెట్టాడు.

"అయితే ఇది నానొక్కణ్ణి తేల్చే యవ్వారం కాదు. దేవేంద్రనీ జేమ్స్‌నీ పిలవాల. కూకోండి."

"ఐదింటికల్లా ఇచ్చీయాలండి" అంది తులసి. "నా గుణం రాసినప్పుడు నా పేరైనా అడగనేదు కదండి మీరు."

కూర్మయ్యకి ఆ పిల్ల అమాయకత్వం చూసి జాలేసింది. నెమ్మదిగా, తండ్రి బిడ్డకి చెప్పినట్టు చెప్పాడు.

"గుణానికి పేరెందుకే పిచ్చిదానా? అది ఎవుల్దైనా ఒకటే. మతానికైతే మనిషి తెలియాల కదా."

వరసలో వాళ్ళ వెనక తొమ్మిదిమందిమి ఉన్నాం. ఆ మాటలో తప్పేమిటో మాకెవరికీ తోచలేదు. దేవేంద్ర, జేమ్స్ ఎక్కడున్నారో చూసి రమ్మని మాలోంచి ఒకణ్ణి పంపించాం. ఈ తల్లీకూతుళ్ళ వల్ల మా పనులు ఆలస్యమవుతున్నాయని విసుక్కుంటూ నిలబడ్డాం.